విక్టరు విమానానికి మేం కుట్టిన బుట్ట

"బుట్ట కుట్టమన్న గదనయ్యా నీకు! బుట్ట!"

"బుట్టే గద సేట్ కుట్టిన. గిది బుట్ట గాకపోతె ఏంది మరి?"

"గిది బుట్టనా? గిది పెండ్లిపిల్ల రవిక చెయ్యి!"

"దాన్నే బుట్ట చెయ్యి అంటరు సేట్. మీరు చెయ్యి అనలే, నేను చెయ్యి పెట్టలే. బుట్ట అన్నరు, బుట్ట పెట్టిన. ఎలాస్టిక్ సుత మంచిదే ఏసిన."

"ఎలాస్టిక్ ఎవరెయ్యమన్నరు నిన్ను?"

"ఎలాస్టిక్ లేకుంటె బుట్ట నిలుస్తదా? జర మీరే చెప్పుండ్రి."

చుట్టాల పెళ్లికని సిద్దిపేట వెళ్లి, బస్సు దిగి తిన్నగా దుకాణానికే వచ్చాను నేను. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెడితే ఇదీ వరస. కొక్కేనికి తెల్లటి నైలాను గుడ్డతో కుట్టిన వస్తువొకటి వేలాడుతోంది. మనిషి ముడుచుకుని లోపల కూర్చోవచ్చు. నడుమ ఉబ్బుగా, రెండు కొసలూ కుచ్చులు పోసి ఇరుగ్గా ఉంది. కుట్టు మాత్రం ముచ్చటగా ఉంది, అబద్ధం ఎందుకు. కాకపోతే ఆ చెయ్యి తొడగాలంటే చార్మినారుకు రవిక కుట్టించాలి.

అమీర్‌పేటలో మా దుకాణం

కొత్తగా కుట్టుపనిలోకి వచ్చే ఆడపిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నేను బడికి పోయింది కొన్నాళ్లే. అక్షరాలు వచ్చాక మగ్గం దగ్గర కూర్చోబెట్టారు, ఆ తరువాత పెళ్లి చేసి పట్నం పంపారు. కాబట్టి పెద్ద మాటలు ఉండవు. జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానం ఎవరు చేశారు అనేవి కూడా ఉండవు. సన్మానం ఎవరూ చేయలేదు, ఆ శాలువా ఏదో నేనే కుట్టుకునేదాన్ని.

మా దుకాణం అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. యజమాని మల్లేశం సేటు. కటింగ్ మాస్టరు ఖాజా భాయ్, బోరబండ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. మిషను మీద నేను. స్కూలు యూనిఫారాలు, టార్పాలిన్లు, మంచాల నవారు, ఏది వస్తే అది కుట్టేవాళ్లం. బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గరే కదా, చిన్న విమానాలు నడిపేవాళ్లు కూడా అప్పుడప్పుడు కాన్వాసు తొడుగులకు వచ్చేవారు. ఆ ముచ్చట ఒకటి చెప్తాను, సేటు సంగతి తెలుస్తుంది.

ఒక చిన్న విమానం ముక్కు మీది పంకాకు తొడుగు కావాలన్నారు. సేటు స్వయంగా వెళ్లి కొలత తెచ్చాడు. పంకా రెక్కలు అడ్డంగా ఉన్నప్పుడు తీసిన కొలత అది. తొడుగు పట్టుకెళ్లేసరికి రెక్కలు నిలువుగా ఉన్నాయి. పట్టలేదు. తొడుగును తిప్పి తొడగవచ్చు, లేదా రెక్కలను చేత్తో తిప్పవచ్చు. మా సేటు ఆ రెండూ ఆలోచించలేదు. "మీ ఇమానం సక్కగ నిలబెట్టుకోవాలె గద" అని వాళ్లతో పోట్లాడి వచ్చాడు. తప్పు ఎప్పుడూ కొలతది కాదు, కొలిపించుకున్నవాళ్లది. పిల్లలూ, మీకు కూడా ఇలాంటి సేటు దొరుకుతాడు. దొరక్కపోతే మీరు ఇంకా పనిలో చేరలేదని అర్థం.

పటం

ఇక బుట్ట సంగతి. పంజగుట్టలో ఒక ఇరానీ హోటలు మీది అంతస్తులో మూర్తి సారు అని ఒకాయన, వైమానిక దళంలో రిటైరై, అందులో చేరాలనుకునే కుర్రాళ్లకు కోచింగు పెట్టాడు. రాజమండ్రి వైపు మనిషి. మాట మెత్తన, మీసం గట్టిది. కోచింగు ప్రారంభానికి ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, గాలిలోనే ఇంకో విమానానికి నూనె పోసే విమానం చరిత్ర అంతా గుడ్డ మీద బొమ్మలుగా కుట్టివ్వమన్నాడు. చెక్క బల్లలు ఆ హోటలు మెట్ల మలుపు తిరగవట. గుడ్డయితే చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. మా ఊళ్లలో కులాల కథలు చెప్పేవాళ్లు పటం విప్పి చెప్తారు కదా, అలాంటిదే. దేవతల స్థానంలో విమానం, అంతే తేడా.

అప్పటికి మన దేశంలో అలా నూనె పోసే విమానం ఒక్కటీ లేదు. ఆ మాట సారే చెప్పాడు. లేనిదాని గురించి పాఠం ఎందుకని అడిగితే, "రేపు వస్తుందండీ నర్సమ్మ గారూ, మనం సిద్ధంగా ఉండాలి కదా" అన్నాడు. మా సందులోకి నీళ్ల ట్యాంకరు కూడా ఇదే మాట మీద వచ్చేది.

ఆ విమానం పేరు విక్టరు. ఇంగ్లండు వాళ్లది. విక్టరు అంటే గెలిచినవాడట. నేను దాని చరిత్ర చదవలేదు, కుట్టాను. కాబట్టి మరిచిపోలేదు.

మొదటి బొమ్మ తెల్లగా ఉంటుంది. అది పుట్టింది బాంబులు వేయడానికి. ఊళ్లకు ఊళ్లు మాడ్చే అణుబాంబు. ఆ బాంబు మంటకు తమ విమానం కమిలిపోకుండా తెల్ల రంగు వేశారట. కింద ఊరు ఏమైనా ఫరవాలేదు, పైన రంగు పోకూడదు. ఎంత జాగ్రత్త గల మనుషులో చూడండి.

దాని రెక్క నెలవంకలా వంపు తిరిగి ఉంటుంది. సారు బొమ్మ చూపించగానే ఖాజా భాయ్ మొహం వెలిగిపోయింది.

"చాంద్! అక్కా, గీ రెక్క నేనే కోస్త. సుద్ద గీత సుత అక్కర్లే."

నిజంగానే గీత గీయకుండా కోశాడు. ముక్క వృథా పోలేదు. నేను మనిషిని ఊరికే మెచ్చుకోను. ఆ రోజు తప్పు పట్టలేదు, ఆయనకు అదే మెప్పు.

రెండో బొమ్మకు వచ్చేసరికి రంగు మారింది, ఆకుపచ్చ, బూడిద. పైపైన ఎగిరితే శత్రువు రాకెట్లు అందుకుంటున్నాయని, నేలకు దగ్గరగా ఎగరమన్నారు. మేడ మీద ఉండటానికి కట్టినదాన్ని గతుకుల బాటలో తోలారు. రెక్కలు అలసిపోయాయి. ఇనుము కూడా అలసిపోతుందని సారు అంటే మల్లేశం సేటు ఆశ్చర్యపోయాడు. మనుషులు అలసిపోతారని ఆయనకు అప్పటికింకా తెలియదు మరి, ఇనుము దాకా ఎలా వెళ్తాడు.

ఆ సమయానికే వాళ్ల దగ్గర నూనె పోసే పాత విమానాలకు రెక్కల్లో పగుళ్లు వచ్చి అన్నీ మూలపడ్డాయి. దాంతో విక్టరును పట్టుకొచ్చి, బాంబులు పెట్టే పొట్టలో నూనె ట్యాంకులు పెట్టారు. వెనక పొడుగు గొట్టం, దాని చివర బుట్ట తగిలించారు; వెనక వచ్చే విమానం తన ముక్కు మీది కడ్డీని ఆ బుట్టలో దూర్చి నూనె తాగుతుంది. అలసిన రెక్కల మీద బరువు తగ్గాలని రెక్కల చివర్లు కత్తిరించి పొట్టి చేశారు. మా భాషలో చెప్పాలంటే ఆల్టరేషన్. అన్న ప్యాంటు తమ్ముడికి సరిచేసినట్టు. మూడో బొమ్మ అదే.

"నెలవంకను కత్తిరించుడా అక్కా?" అని ఖాజా భాయ్ కత్తెర పట్టుకుని కాసేపు నిలబడిపోయాడు.

"నీది కాదు, ఇంగ్లండోళ్లది. కొయ్యి," అన్నాను. కోశాడు. ఆ చివరి ముక్కలు మాత్రం నా పీలికల సంచిలో వేయనివ్వలేదు, తన జేబులో పెట్టుకున్నాడు.

నాలుగోది యుద్ధం బొమ్మ. ఎనభై రెండులో వాళ్లకు ఎక్కడో దక్షిణాన దీవుల కోసం యుద్ధం వచ్చింది. ఒక్క బాంబుల విమానం అంత దూరం పోవాలంటే మధ్యలో నూనె అయిపోతుంది. అందుకని విక్టర్లు డజను దాకా లేచాయట. ఒకటి ఇంకొకదానికి పోయడం, ఆ ఇంకొకటి మరొకదానికి పోయడం, పోసినవి వెనక్కి మళ్లడం. చివరికి ఆ ఒక్క విమానం చేరి బాంబులు వరసగా వేస్తే, రన్‌వే మీద పడింది ఒక్కటి. ఒక్క గుంత. అలాంటి గుంతలు పంజగుట్ట రోడ్డు మీద ఒక్క వానకు ఏ ఖర్చూ లేకుండా పడేవి.

ఆ నూనె కిరోసిన్ లాంటిదేనని సారు చెప్పాడు. మేము ఎర్రగడ్డలో రేషను దుకాణం ముందు డబ్బా పట్టుకుని, పొయ్యి వత్తి తగ్గించి తగ్గించి వాడుకునే వస్తువది. వాళ్లేమో ఆకాశంలో ఒకరి నోట్లో ఒకరు పోసుకుంటున్నారు.

"సార్, కింద ఒక్క బొట్టన్న పడదా?" అని అడిగాను.

"బుట్ట సరిగ్గా ఉంటే పడదండీ. అంతా బుట్టలోనే ఉంది," అన్నాడు సారు.

ఆ యుద్ధంలోనే దారిలో తుపాను గాలికి ఒక విమానం కడ్డీ విరిగిందట. విరిగిన కొస గొట్టం చివర బుట్టలో ఇరుక్కుందేమోనని అనుమానం. వెనక వస్తున్న విమానాన్ని దగ్గరికి రమ్మని, టార్చిలైటు వేసి బుట్ట చూశారట. బుట్ట చెడితే అందరూ సముద్రంలోకే. సారు ఆ ముక్క చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు.

అందుకే పటంతో పాటు అసలు సైజులో ఒక బుట్ట కూడా కావాలన్నాడు. పైకప్పు నుంచి గొట్టం వేలాడాలి, చివర బుట్ట నోరు తెరుచుకుని ఉండాలి. కుర్రాళ్లు వెదురు కర్రను అందులో దూర్చి నేర్చుకుంటారు. నోరు తెరిచి ఉండటమే ఆ బుట్ట చేసే పని. మా ఖాజా భాయ్ ఆ నోటికి ఎలాస్టిక్ వేశాడు.

సేటు నేర్చిన భాష

ఇది ఎలా జరిగిందో ఆ గొడవలో నిలబడి నేను కూపీ లాగాను. నేను పెళ్లికి వెళ్లిన రోజున సారు వచ్చి బుట్ట సంగతి సేటుకు చెప్పాడు. వాళ్ల వైపు కూరగాయలు తెచ్చేదాన్ని బుట్ట అంటారు. మేం దాన్ని గంప అంటాం. మా సేటు ఇంట్లో గంప, బజారులో గంప, పుట్టినప్పటి నుంచి గంప. కానీ ఆంధ్ర ఆఫీసరు ముందు గంప అంటే పరువు పోతుందని, "అట్లాగేనండీ, బుట్ట కుట్టించేస్తామండీ" అన్నాడు. ఆ అండీలు ఆయన నోట్లో కొత్త చెప్పుల్లా కరిచి ఉంటాయి. సారు వెళ్లాక, ఎందుకో చెప్పకుండా, అదే ఊపులో ఖాజా భాయ్‌తో, "పెద్ద బుట్ట కుట్టు" అన్నాడు. ముప్పొద్దులా రవికలు కోసే కటింగ్ మాస్టరుకు బుట్ట అంటే ఒకటే, రవిక చేతికి పోసే బుట్ట.

"గంప అని ఒక్క మాటంటె అయిపోవు గద సేట్," అన్నాడు ఖాజా భాయ్.

"నాకు భాష నేర్పుతవా? రేపు పొద్దున సారొస్తడు. ఆయనకు ఏం జూపిస్త? సాలు ఇగ. రేపటిసంది నువ్వు రాకు. మా బామ్మర్దికి చెప్పిపెట్టిన, కత్తెర పట్టుకొని పొద్దుగాల్నే వస్తడు."

అసలు సంగతి అదీ. బామ్మర్దిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలని సేటు ఇంట్లో చాలా కాలంగా నడుస్తోంది. సాకు ఒక్కటే తక్కువైంది. అదిప్పుడు కొక్కేనికి వేలాడుతోంది.

ఖాజా భాయ్ తన సంచి అందుకున్నాడు. సుద్ద ముక్క, టేపు, కళ్లజోడు డబ్బా ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంటున్నాడు. ఇంటి దగ్గర అయిదుగురు తినేవాళ్లు. ఆ వయసులో ఇంకో దుకాణంలో బల్ల ఇచ్చేవాళ్లు లేరని మా ముగ్గురికీ తెలుసు.

నాకు ఆయన మీద జాలి కలిగిందని అనుకోకండి. బామ్మర్ది కత్తెర పట్టడం నేనొకసారి చూశాను. మీటరు గుడ్డలో చొక్కా కోసి, ఇంకో చొక్కాకు సరిపడా గుడ్డ నేల మీద వదిలే రకం. అంత వృథా చూస్తూ నేను అక్కడ మిషను తొక్కలేను.

"పంపు సేట్, మంచిగ పంపు," అన్నాను. "కాని పొద్దున సారు ఎవరి తప్పని అడుగుతడు గద. గప్పుడు నేను ఈడనే ఉంట. బుట్ట అన్నదెవరో చెప్త."

సేటు మొహం ముడుచుకుంది. "అయితె ఏం జేద్దమంటవు నర్సమ్మా? పారాచూట్ గుడ్డ ఇంకో ముక్క లేదు. పాత సామాన్ల జుమ్మేరాత్ బజార్ల సారు దొర్కవట్టిన గుడ్డ గది."

"కొత్త గుడ్డ ఎవరడిగిండ్రు? గోడ మీద పటంల ఏం కుట్టినమో సూడు. బాంబులది పనికి రాకుంటె పారేసిండ్రా? రెక్కలు కోసి, కడుపు మార్చి, ఇంగో పనికి పెట్టుకున్నరు. అంత పెద్ద ఇమానానికే ఆల్టరేషన్ జేసిండ్రు. రవిక చెయ్యికి చెయ్యలేమా?"

సేటు గోడ వైపు చూశాడు, బుట్ట వైపు చూశాడు. "పొద్దుగూకె లోపట అయితె అయింది. కాకుంటె పొద్దున మా బామ్మర్దే గా బల్లకాడ," అని బయటికి వెళ్లిపోయాడు. ఆలోచించవలసి వచ్చినప్పుడల్లా ఆయనకు బయట పని ఉండేది.

ఆల్టరేషన్

ఖాజా భాయ్ సంచి కింద పెట్టాడు. ఇద్దరం ఎలాస్టిక్ లాగేసి, కుచ్చులన్నీ విప్పాం. కుచ్చులు విప్పితే నోరు వెడల్పయింది, అంతవరకు బాగానే ఉంది. కానీ రవిక చెయ్యి భుజం దగ్గర వంపుగా కోస్తారు కదా. అందుకని అంచు ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. నోరు వంకర తిరిగి, పక్షవాతం వచ్చినట్టు కనిపించింది. పొట్టిగా ఉన్న వైపు ముక్కలు అతికితే తప్ప కుదరదు. తెల్ల గుడ్డ లేదు. నా సంచిలో విమానం తొడుగులకు కట్టే ఎర్ర జెండాల ముక్కలున్నాయి. ఆ సంచి చూసినప్పుడల్లా సేటు, "చెత్త కుండి తెచ్చుకున్నవా నర్సమ్మా" అనేవాడు. ఆ రోజు అనడానికి దగ్గర లేడు పాపం.

ఎర్ర ముక్కలు అతికాం. అంచు సమానమైంది. కానీ గుడ్డ గుడ్డే కదా, చేతులు తీయగానే నోరు మూసుకుపోతోంది. అసలు విమానంలో అయితే ఇనుప పుల్లలుంటాయి, గాలి ఉంటుంది. మాకు ఇరానీ హోటలు ఫ్యాను గాలి.

"లోపల చుట్టు గావాలె అక్కా. ఇనుప రింగు ఏడ దొర్కుతది గిప్పుడు?" అన్నాడు ఖాజా భాయ్.

నా చూపు నా గంప మీద పడింది. ఎర్రగడ్డ బజారులో బేరమాడి, బేరమాడి, అమ్మేవాడు దండం పెట్టాక కొన్న వెదురు గంప. అంచు రెండు వరసలుగా గట్టిగా అల్లింది. సిద్దిపేట నుంచి చుట్టాలిచ్చిన ఉల్లిగడ్డలు అందులోనే తెచ్చాను. ఉల్లిగడ్డలు కొంగులో పోసుకుని, గంపను ఆయన ముందు పెట్టాను.

"వద్దక్కా, నీ గంప ఖరాబైతది."

"నేను గంప గురించి ఏడుస్తలే. నువ్వెందుకు ఏడుస్తున్నవు? కొయ్యి."

ఆయన గంప అడుగు కోసేసి, అంచు చుట్టు మాత్రం మిగిల్చాడు. దాన్ని గుడ్డ నోట్లో పెట్టి చుట్టూ కుట్టేశాం. నోరు తెరుచుకుంది. ఖాజా భాయ్ గజం బద్ద తీసుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్లి, విమానంలాగే వచ్చి అందులో దూర్చాడు. దూరింది. తీసి మళ్లీ దూర్చాడు. ఈసారి కూడా గజం బద్ద సరిగ్గానే పోయింది.

పొద్దు గూకకముందే దుకాణం కట్టేశాం. ఉల్లిగడ్డలు కొంగులో మూటగట్టుకుని నేను ఇంటికి నడిచాను. పిల్లలూ, ఈ పనిలో గొప్ప కోత అంటూ ఏదీ ఉండదు. చెడిన కోతను మళ్లీ బట్ట చేయగలరా లేదా, అదొక్కటే మీరు నేర్చుకోవలసింది. మిగతాది మిషను చేస్తుంది. విమానం తొడుగుల ఆర్డరు ఈ దెబ్బతో శాశ్వతంగా మాకే వస్తుందని సేటు కలలు కన్నాడు కానీ, అది ఇంకెవరికో పోయింది. అది కూడా తెలుసుకుని ఉండండి.

తెల్లారి

పొద్దున మేం దుకాణం తెరిచేసరికి బామ్మర్ది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కొత్త కత్తెర, దానికి కుంకుమ బొట్టు. ఖాజా భాయ్ ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. కాసేపటికి మూర్తి సారు ఆటో దిగాడు. గోడ మీది పటం చుట్టి చంకలో పెట్టుకుని బుట్ట దగ్గరికి వెళ్లి, లోపలికి తొంగి చూశాడు.

"ఏంటండీ సేటు గారూ, లోపల గంప అంచులా ఉంది? ఉల్లిపాయ వాసన కూడా వస్తోందే?"

"గంపే సార్," అని సేటు నాలిక కరుచుకుని, "అదేనండీ, బుట్టండీ," అన్నాడు.

"ఈ ఎరుపేంటి?"

సారు గజం బద్ద అందుకుని రెండు మూడు సార్లు దూర్చి చూశాడు. అంచు వంగలేదు.

"ఎరుపు మంచిదేలెండి, అంచు బాగా కనబడుతుంది. కుర్రాళ్లు వారంలో చింపేస్తారు. ఇంకోటి కావాలి, గుడ్డ పంపిస్తాను. ఇది కోసిందెవరు?"

సేటు బామ్మర్ది వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. నేను ఆయన్నే చూస్తున్నాను.

"మా ఖాజా మాస్టర్ సార్."

"అయితే అదీ ఆయన చేతే కోయించండి," అని సారు బుట్ట పట్టుకుని ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగాక సేటు, "ఖాజా, ఇంకోటి కుట్టాలెనట," అన్నాడు.

"బుట్టనా సేట్, గంపనా? జర ముందుగాల్నే చెప్పుండ్రి."

"గంప," అన్నాడు సేటు.

ఖాజా భాయ్ సంచిలోంచి సుద్ద, టేపు, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. బామ్మర్ది కొత్త కత్తెరను తువ్వాలులో చుట్టి మూలన పెట్టాడు. ఖాజా స్థానానికి వచ్చిన మనిషి, సాయంత్రం దాకా నా పక్కన కూర్చుని స్కూలు చొక్కాలకు కాజాలు కుట్టాడు.